రెండు ఊళ్లు, ఒకే చట్టం

మా పొలిటికల్ సైన్స్ సారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. పర్చూరు దగ్గర నేను పనిచేసే హైస్కూల్లో మొదటి పీరియడ్ ముగించుకుని స్టాఫ్ రూములోకి వచ్చేసరికి ఫోన్లో ఆయన కూతురివి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే, "అక్కా, నాన్న లేరు. తెల్లారి నమాజుకని లేచారు. కాళ్లు కడుక్కుంటూ అలాగే కూర్చుండిపోయారు" అంది. సాయంత్రం నమాజయ్యాక మట్టి చేస్తామని చెప్పింది. హెడ్‌మాస్టర్‌కి చెప్పి బయటపడి చిలకలూరిపేట బస్సెక్కాను. దారిలో మా నాన్నకి ఫోన్ చేసి, సాయంత్రం మట్టి అని చెప్పాను. నాన్న "అలాగా" అని పెట్టేశాడు. మా ఇంట్లో సారు పేరెత్తితే చాలా ఏళ్లుగా వచ్చే జవాబు అంతే.

ఎందుకంతేనో చెప్పకుండా ఆయన మంచితనం ఒక్కటే రాసి ఊరుకుంటే ముందు ఆయనే ఒప్పుకోరు. మంచీ చెడూ తర్వాత, ముందు ఏం జరిగిందో చెప్పు అనేవారు క్లాసులో. కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

పేటలో జిన్నింగ్ మిల్లుల మధ్య ఉన్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆయన లెక్చరర్. కిటికీలు తెరిస్తే పత్తి నూగు వచ్చి బెంచీల మీద పడేది. పాత మోపెడ్ మీద వచ్చేవారు. సుద్దముక్కలు కాగితంలో చుట్టి జేబులో పెట్టుకునేవారు. బోర్డు అడ్డంగా తుడవరు, పైనుంచి కిందికి తుడుస్తారు. లేకపోతే ముందు బెంచీ వాళ్ల మొహాన పొడి పడుతుందట. రోజూ రెండు పేపర్లు కొని, ఒకే వార్త రెండింటిలోనూ ఎలా రాశారో చూసి, తేడా ఉన్నచోట గీత గీసేవారు. ఎవరైనా తొందరపడి ఇది గొప్ప దేశం, అది పనికిమాలిన దేశం అంటే, "ఏం చూసి అన్నావు?" అని అడిగేవారు. గొంతు పెంచేవారు కాదు, జవాబు వచ్చేదాకా వదిలేవారూ కాదు.

తులనాత్మక రాజకీయాలు అనే సబ్జెక్టు మాకు రెండో ఏడు వచ్చింది. మొదటి క్లాసులోనే బోర్డు మధ్య నిలువుగీత గీసి, ఒక పక్క బ్రిటన్ అని, ఇంకో పక్క అమెరికా అని రాసి, పోల్చమన్నారు. అక్కడ రాణి, ఇక్కడ ప్రెసిడెంటు, అక్కడ రెండు సభలు, ఇక్కడా రెండు సభలు అని మేం పేజీలు నింపాం. ఆయన అన్నీ ఓపిగ్గా చదివి, "మీరు రెండు జాబితాలు రాశారు. ఇంకా పోల్చలేదు. పోల్చడమంటే రెండింటినీ ఒకే ప్రశ్న అడగడం" అన్నారు. నేను ఆ మాట నోట్సు మొదటి పేజీలో రాసుకున్నాను.

పాతకాలం పండితులు రాజ్యాంగం, చట్టం, పదవులు చూసి దేశాలను పోల్చేవాళ్లనీ, దాన్ని సంస్థాగత దృక్పథం అంటారనీ చెప్పారు. కాగితం మీద ఒకేలా ఉన్న రెండు దేశాలు నేల మీద వేరేలా నడవడం చూశాక, తర్వాతి వాళ్లు పదవి పేరు పక్కనపెట్టి, అసలు పని ఎవరు చేస్తున్నారని అడగడం మొదలుపెట్టారు. ఇంకొందరు వ్యవస్థ మొత్తాన్నీ ఒక యంత్రంలా చూశారు. జనం కోరికలు లోపలికి వెళ్తాయి, నిర్ణయాలు బయటికి వస్తాయి, ఆ నిర్ణయాలు మళ్లీ కొత్త కోరికలు పుట్టిస్తాయి. మాకు అర్థం కావాలని బోర్డు మీద జిన్నింగ్ మిల్లు బొమ్మ గీశారు. ఇటు పత్తి వెళ్తుంది, అటు దూది, గింజ వేరై వస్తాయి. గీసి కాసేపు దాన్నే చూసి, "ఈ పోలిక ఇక్కడిదాకానే. మిల్లుకి కోపం రాదు. ఊరికి వస్తుంది" అన్నారు. మేమంతా నవ్వాం.

ఆ వర్షాకాలం ఆయన మాకొక ప్రాజెక్టు ఇచ్చారు. దేశాలు మనకి దూరం, పంచాయతీలు దగ్గర. పక్కపక్క ఊళ్లు రెండు తీసుకోండి, రెండింటికీ చట్టం ఒకటే, రెండింటినీ ఒకే ప్రశ్నలు అడగండి అన్నారు. గ్రామసభ ఎవరు పిలుస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఎవరు మాట్లాడతారు, ఎవరు సంతకం పెడతారు, ఎవరు నిర్ణయిస్తారు. అవే ఆ ప్రశ్నలు.

నేను మా ఊరినీ, పక్క ఊరినీ తీసుకున్నాను. రెండు చోట్లా సర్పంచులు ఆడవాళ్లే. పక్క ఊరి సర్పంచ్ అంతకుముందు అంగన్‌వాడీలో ఆయా. ఆవిడ బడి వరండాలో గ్రామసభ పెట్టి, కాగితం తనే తడుముకుంటూ చదివేది. మా ఊరి సర్పంచ్ మా కాలనీ మనిషే, చర్చి వెనక ఇల్లు, వరసకి నాకు అత్త అవుతుంది. మిరపకాయల కోతలకు కూలికి వెళ్లేది. మా పంచాయతీ ఆఫీసుకి ఎప్పుడూ తాళమే. తీర్మానాల పుస్తకం ఊరి చివర కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో ఉండేది. ఆ కోల్డ్ స్టోరేజీ యజమానిని ఊరంతా పెద్దాయన అనేవాళ్లు. సెక్రటరీ అక్కడికే వచ్చేవాడు, తీర్మానాలు అక్కడే రాసేవాళ్లు, అయ్యాక అత్తకి కబురు పెట్టేవాళ్లు. ఒకరోజు నేనూ అత్త వెంట వెళ్లాను. చేలోంచి అలాగే వచ్చింది, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని, నిలబడే సంతకం పెట్టింది. ఏం రాసి ఉందని అడగలేదు. సిమెంటు రోడ్డు కోల్డ్ స్టోరేజీ దాకా వేయాలని రాసి ఉంది. మా కాలనీకి మంచినీళ్ల పైపు వేయాలని అంతకుముందు ఏడాదే అందరూ చేతులెత్తిన మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

నేను చూసినదంతా రాశాను. "సంతకం సర్పంచ్‌ది, నిర్ణయం సర్పంచ్‌ది కాదు" అని ముగించాను. మా నాన్న కౌలుకి చేస్తున్న రెండున్నర ఎకరాలు పెద్దాయనవేనన్న ఆలోచన, నిజం చెబుతున్నాను, రాస్తున్నప్పుడు నాకు ఒక్కసారి కూడా రాలేదు.

సారుకి ఆ పేపరు బాగా నచ్చింది. మంచివనుకున్న మూడు పేపర్లను డిపార్ట్‌మెంట్ బయట నోటీసు బోర్డుకి పెట్టించారు. ఊళ్ల పేర్లు కొట్టేయలేదు. మా ఊరి నుంచి కామర్స్ చదవడానికి వచ్చేవాళ్లలో ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. మర్నాటికల్లా అది ఊళ్లో చేతులు మారుతోంది.

అది మిరప నాటే అదను. దుక్కి అయిపోయింది, నారుమడిలో నారు నలభై రోజులు దాటింది. నాన్న కూలీలకి చెప్పుకుని ఇంటికి వచ్చేసరికి పెద్దాయన మనిషి గుమ్మంలో ఉన్నాడు. మాట్లాడుకునేదాకా పొలంలో దిగొద్దన్నారట. కౌలంటే నోటిమాట, ఏ కాగితమూ లేదు. మళ్లీ ఎప్పుడు మాట్లాడదామన్నది కూడా చెప్పకుండా నాలుగు రోజులు ఊరుకున్నారు. నాన్న రోజుకి మూడుసార్లు నారుమడి దగ్గరికి వెళ్లి ఒక మొక్క పీకి కాండం గిల్లి చూసేవాడు. ముదిరితే నాటినా నిలదొక్కుకోదు. నాన్న నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. అయిదో రోజు కబురొచ్చింది, మర్నాడు పదింటికి కోల్డ్ స్టోరేజీ దగ్గరికి నేనూ సారూ రావాలి, రాసింది అబద్ధమని నలుగురిలో చెప్పాలి. అప్పటికే కాలేజీ యాజమాన్యానికి కూడా ఫోన్ వెళ్లింది. విద్యార్థిని కల్పించి రాసిందని లెటరు రాసివ్వమని ప్రిన్సిపల్ సారుని అడిగారట.

ఆ సాయంత్రం సారు మా ఇంటికి వచ్చారు. అమ్మ కుర్చీ వేసింది. నాన్న కూర్చోమనలేదు. ఆయనే కూర్చుని, "తప్పు నాదండి. పేర్లు కొట్టేసి పెట్టాల్సింది. అమ్మాయిది ఏం లేదు" అన్నారు.

"మీ తప్పయితే మీరే దిద్దండి సార్. అబద్ధమని ఒక్క ముక్క చెప్పేయండి. కాగితమేగా" అన్నాడు నాన్న.

"ఊరి పేరు బయటపెట్టినందుకు ఎన్నిసార్లయినా క్షమాపణ చెబుతానండి. అబద్ధమని మాత్రం అనలేను. నేనలా అంటే, రేపట్నుంచి ఈ పిల్ల తన కళ్లతో చూసింది తనే నమ్మదు" అన్నారు సారు.

"పాఠాలు చెప్పుకోడానికి మీకు మా పొలమే దొరికిందా సార్?"

ఆయన లేచారు. వెళ్తూ వెళ్తూ పెరట్లో నారుమడి దగ్గర ఆగి, ఇంకెన్నాళ్లు ఆగుతుందని నన్నడిగారు. రెండు మూడు రోజులన్నాను. సరేనని బండి స్టార్ట్ చేయబోయారు. రెండుసార్లు తొక్కినా అందుకోలేదు. మూడోసారికి అందుకుంది.

మర్నాడు కోల్డ్ స్టోరేజీ ఆవరణలో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఊరి పెద్దలు పదిమంది దాకా కూర్చున్నారు. నేనూ నాన్నా ఒక పక్క నిలబడ్డాం. అత్త ఆఫీసు తలుపు దగ్గర నిలబడింది. లోపల మిరప బస్తాలు సర్దుతున్నారు, ఆ ఘాటుకి ఒకరి తర్వాత ఒకరు దగ్గుతున్నారు. సారుకి కుర్చీ చూపించారు. ఆయన అత్త వైపు చూసి, సర్పంచ్ గారు నిలబడి ఉన్నారు కదండీ, పర్వాలేదు అని నిలబడే ఉన్నారు. ఆ మాటకే ఒకరిద్దరి మొహాలు మారాయి.

పెద్దాయన అరిచే మనిషి కాదు. ఈ ఊళ్లో కోల్డ్ స్టోరేజీ లేనప్పుడు రైతులు గుంటూరు దాకా బస్తాలు మోసుకెళ్లి ఎన్ని అగచాట్లు పడ్డారో, సర్పంచ్‌కి సంతకం పెట్టడం నేర్పించింది ఎవరో అన్నీ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. చివర్లో, "నేను చెడ్డవాణ్ణా మాస్టారూ?" అని అడిగాడు.

"మీరు మంచివారా కాదా అని ఆ పేపర్లో లేదండి. ఎవరు నిర్ణయిస్తున్నారనే ఉంది" అన్నారు సారు. ఊరి పేరు నలుగురిలో పెట్టడం తన పొరపాటని, అందుకు క్షమించమని అందరి వైపు చేతులు జోడించారు.

పెద్దాయన అది విని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. తెలియక రాశావు కదూ?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న నేలకేసి చూస్తున్నాడు. అయిదు రోజులుగా గడ్డం గీసుకోలేదు. "అవునండీ, తెలియక రాశాను" అన్నాను.

సారు పక్కనే ఉన్నారు. నేను ఆయన మొహం చూడలేదు. పెద్దాయన తెల్లకాగితం, పెన్నూ ముందుకు జరిపి, విన్నారుగా, మీరు కూడా ఆ ముక్క రాసి సంతకం పెడితే అయిపోతుందన్నాడు. సారు పెన్ను ముట్టుకోలేదు. అమ్మాయి చెప్పింది విన్నానండీ, నేను మాత్రం రాయలేను అన్నారు. ఎవరో కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. నాన్న చెయ్యి నా భుజం మీద పడింది. పద పోదాం అనడానికో, ఇంకేదైనా చెప్పమనడానికో నాకు తెలియలేదు.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి అత్త మాట్లాడింది. "అయ్యా, నారు ముదిరిపోతంది. ఆ మనిషిని నాటుకోనీయండి. కాగితం సంగతి తర్వాత చూసుకుందాం."

గట్టిగా అనలేదు. చేలో పక్క సాలు వాళ్లతో అన్నట్టు అంది. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా రైతులే, నలభై రోజులు దాటిన మిరపనారు అంటే ఏమిటో వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక ముసలాయన, ఆ మాట నిజమే, ముందు నాటనీయండి అన్నాడు. ఇంకొకాయన తలూపాడు. పెద్దాయన అత్త వైపు చాలాసేపు చూశాడు. ఆమె కళ్లు దించుకుంది, కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. చివరికి ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సరే నాటుకోండి అని లేచాడు.

బయట రోడ్డు మీద సారు బండి దగ్గర నేను తలొంచుకుని నిలబడ్డాను. నేనన్న మాట గురించి ఆయన అడుగుతారని భయం. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. "ఇవాళ ఎవరు నిర్ణయించారు?" అని అడిగారు. నేను ఆలోచించి, అత్త అన్నాను. "ఇది కూడా రాసుకో. నువ్వు రాసిన ముగింపు సగమే నిజం" అని హెల్మెట్ పెట్టుకున్నారు.

ఆ రోజే నాటు మొదలుపెట్టాం. పంట మామూలుగానే వచ్చింది. కానీ మరుసటి ఏడు ఆ పొలం వేరేవాళ్లకి ఇచ్చారు, కారణం చెప్పలేదు. నాన్నకి ఇంకెక్కడా కౌలు దొరకలేదు. పేటలో మిల్లుకి హమాలీగా వెళ్లాడు. పొద్దున చేలోకి వెళ్లే మనిషి పొద్దున బస్సెక్కడం మొదలుపెట్టాడు. అప్పట్నుంచి మా ఇంట్లో సారు మాట లేదు. సారు ప్రిన్సిపల్‌కి రాసిచ్చిన లెటర్లో పేర్లు బయటపెట్టడం తన తప్పనే ఉందట, పేపరు అబద్ధమని లేదు. జూన్‌లో ఆయన కాంట్రాక్టు రెన్యూ చేయలేదు. వినుకొండలో ఒక కాలేజీలో చేరి, రోజూ పేట నుంచి బస్సులో వెళ్లొచ్చేవారు.

అత్త మాత్రం ఆ తర్వాత సంతకానికి కబురొచ్చినప్పుడల్లా, చదివి వినిపించండి, విన్నాక పెడతా అనేదట. పదవి అయిపోయేలోపు మంచినీళ్ల పైపు చర్చి మలుపు దాకా వచ్చింది. కాలనీ లోపలికి ఇంకా రాలేదు.

ఆయన కాలేజీ మారాక నేను మూడేళ్లు సారుని కలవలేదు. నాన్న వద్దన్నాడని అందరికీ చెప్పుకున్నాను గానీ, అసలు కారణం ఆ రోజు నేనన్న "అవునండీ". బీఎడ్ చదువుతున్నప్పుడు ఉండబట్టలేక వినుకొండ వెళ్లాను. క్లాసు జరుగుతోంది. కిటికీలోంచి చూస్తే, బోర్డు మధ్య నిలువుగీత, ఒక పక్క "ఊరు ఒకటి", ఇంకో పక్క "ఊరు రెండు" అని ఉంది. ఆయన చేతిలో ఉన్నది నా పేపరు జిరాక్సు. పేర్లన్నీ నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేసి ఉన్నాయి.

క్లాసయ్యాక కొండ కింద టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. ఆ రోజు అలా అన్నందుకు ఏడ్చాను. ఆయన నన్ను ఏడవనిచ్చి, తర్వాత అన్న మాటలు నాకు గుర్తున్నంతవరకు ఇవి. "ఒకే ప్రశ్న అడగమని నేర్పాను. ఎవరి గుమ్మంలో నిలబడి అడుగుతున్నామో చూసుకోవడం నేర్పలేదు. ఆ గుమ్మంలో నువ్వు ఇంకేమంటావమ్మా? ఆ పేర్లు కొట్టేయడానికి నాకు అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలు ముందే పెట్టి ఉంటే మీ నాన్న ఇంకా చేలో ఉండేవాడు." తర్వాత నాన్న ఆరోగ్యం గురించి అడిగారు. ఆ తర్వాత కలిసిన ప్రతిసారీ అడిగేవారు. నాన్న తన గురించి అడగట్లేదని ఆయనకి తెలుసు.

ఇప్పుడు నేను తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతున్నాను. పిల్లలు తమ ఊరి గురించి రాసుకొస్తే, మార్కులు వేసేముందు పేర్లున్నాయేమో చూస్తాను. ఎవరు ఎవరి పొలం చేస్తున్నారో కూడా కనుక్కుంటాను. పాఠ్యపుస్తకంలో లేని ఈ పని నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది. ఆయన తప్పులో నుంచి వచ్చిందనడం సరైన మాట. అలా రాస్తే ఆయన కాదనరు.

మంగళవారం సాయంత్రం ఖబరస్తాన్ గోడ బయట ఆడవాళ్లం నిలబడ్డాం. గోడ నడుమెత్తే ఉంది, లోపలంతా కనిపిస్తోంది. వినుకొండ నుంచి వచ్చిన పాత విద్యార్థులు, మిల్లుల వాళ్లు, పక్క వీధి వాళ్లు వరసకట్టి ఒక్కొక్కరే వంగి మూడేసి పిడికిళ్ల మట్టి వేస్తున్నారు. ఆ వరస చివర నాన్న ఉన్నాడు. వస్తున్నానని నాతో అనలేదు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా చేతులు మడిచే ఉన్నాయి. అక్కడి పద్ధతి తెలియక, ముందున్న మనిషిని చూసి చూసి అలాగే చేస్తున్నాడు. చెప్పులు విడిచాడు. మొదటి పిడికిలి వేశాడు, రెండోది వేశాడు. మూడోసారి చేతికి నల్లరేగడి గడ్డ వచ్చింది. దాన్ని అలాగే వేయలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టి, వేళ్లతో చిదిపి చిదిపి, మెత్తటి పొడి అయ్యేదాకా నలిపి, నెమ్మదిగా వదిలాడు.